దొరగారి బంగళా నీడలో...

ధవళేశ్వరం. గోదావరి గాలి తోటలోని చెట్లను కదుపుతోంది. ఒకప్పుడు కాటన్ దొర ఉన్న బంగళా అది. ఇప్పుడు మ్యూజియం. ఆవరణలో పాత యంత్రాలు. లోపల ఆనకట్ట నమూనాలు. కోనసీమ శివారు నుంచి వచ్చిన ఆ తాతయ్య మాత్రం ఇంకా లోపలికి వెళ్లలేదు. చెట్టు కింద కూర్చున్నాడు. చొక్కా జేబులో మడత పెట్టిన కాగితాలు. ఉన్న రెండెకరాలూ రొయ్యల చెరువుకి లీజుకిచ్చే ఒప్పందం. కొడుకు సంతకం పెట్టమన్నాడు.

'తాతయ్యా, ఈ దొర ఏం చేశాడు?' పదేళ్ల మనవడి ప్రశ్న.

'నీళ్లు తెచ్చాడ్రా.'

ఒక్క మాటే. దాని వెనక ఎంత కథో! 1833 నాటి కరవు ఈ జిల్లాలనూ వదల్లేదు. 1839లో తుపాను ఉప్పెన కోరంగిని ముంచేసింది. పక్కనే నిండుగోదావరి... పొలాలకు మాత్రం చుక్క లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాడు ఆర్థర్ కాటన్. ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత బ్యారేజీ వచ్చింది. దానికీ ఆయన పేరే పెట్టారు. నేడు డెల్టాలో దాదాపు పది లక్షల ఎకరాలకు ఆ నీళ్లే ఆధారం.

'మరి మన చేనుకి ఎందుకు రావట్లేదు?'

తాతయ్య దగ్గర జవాబు లేదు. శివారు రైతుకి సార్వాలో ముంపు, దాళ్వాలో ఎద్దడి. 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. కొడుకుదీ తప్పు కాదు. ఏటా అప్పు మిగిల్చే వరి కన్నా చేతికొచ్చే లీజు డబ్బు నయమనుకున్నాడు. కానీ రొయ్యల చెరువు ఉప్పు గట్టు దాటి పక్కవాడి చేనులోకీ దిగుతుంది. ఒకసారి ఉప్పెక్కిన మట్టి మళ్లీ వరికి రావాలంటే ఎన్నేళ్లో!

ఇద్దరూ లోపలికెళ్లారు. నమూనా ముందు కుర్రాడు చాలాసేపు నిలబడ్డాడు. కాలువల వెంట వేలు నడిపించి, చివర ఆగాడు.

'మన ఊరు ఇక్కడేనా?'

'ఇంకొంచెం కింద.'

బయటికొచ్చాక తాతయ్య కాగితాలు తీశాడు. చింపలేదు. సంతకమూ పెట్టలేదు. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

'మీ నాన్నతో మాట్లాడతాను. ముందు నలుగురం కలిసి బోదెలో పూడిక తీద్దాం. అప్పటికీ నీళ్లు రాకపోతే చూద్దాం.'

'నేనూ వస్తా తాతయ్యా!'

'అలాగే. పార నీకంటే పొడుగురా అబ్బాయ్!'

ఇద్దరూ బస్సు కోసం నడిచారు.