పిడికిలికి తగిన గ్రిప్పు

హార్స్‌లీ హిల్స్‌కు బుల్లెట్ మీద బయలుదేరే ముందు, అరిగిపోయిన గ్రిప్పులు మార్పిద్దామని తిరుపతి రేణిగుంట రోడ్డులో ఒక మెకానిక్ దగ్గర ఆగాను. ఫోమువి, జెల్లువి, మామూలు రబ్బరువి బల్ల మీద పెట్టాడు. నా చెయ్యి ఫోము మీదికి పోయింది.

"మెత్తంగా ఉండాదని అందరూ అదే అడగతారునా. చెమట, వాననీళ్లు అన్నీ తాగేస్తాది. కొన్నాళ్లకే చీలిపోతాది."

జెల్లువి నా చేతికి లావయ్యాయి. రబ్బరు గ్రిప్పు పట్టించి, నా వేళ్లు ఎక్కడిదాకా చుట్టుకున్నాయో చూశాడు. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, వేళ్లు సగంలోనే ఆగిపోతే లావు. ఎటైనా పిడికిలి బిగించక తప్పదు, మోచేతి దాకా నొప్పి పాకుతుంది. సన్నటి గాళ్లున్న మధ్యరకం రబ్బరు నాకు కుదిరింది.

ఎడమ గ్రిప్పు 22 మిల్లీమీటర్ల హ్యాండిల్ పైపు మీదే కూర్చుంటుంది. కుడిది యాక్సిలేటర్ గొట్టం మీదికి ఎక్కాలి కనుక దాని రంధ్రం కాస్త పెద్దది. కొత్తవి ఎక్కించాక హ్యాండిల్‌ను రెండు పక్కలకూ తిప్పి, యాక్సిలేటర్ వదిలిన వెంటనే వెనక్కి వస్తోందో లేదో మళ్లీ మళ్లీ చూశాడు. కుడి గ్రిప్పు ఎక్కడైనా రాసుకుని యాక్సిలేటర్ పట్టేస్తే ఘాట్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

చంద్రగిరి కోట దాటి, పూతలపట్టు మీదుగా చిత్తూరు వైపు సాగాను. తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే సింగిల్ సిలిండర్ ఇంజను అదురు ఆగకుండా చేతుల్లోకి వస్తుంది. హ్యాండిల్‌ను ఎంత బిగించి పడితే అంత ఎక్కువగా ఎక్కుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అటువైపు అరచేతి మొదట్లో నరం నలుగుతోందని అర్థం. అప్పుడు బరువు చేతుల మీద మోపకుండా నడుము మీదికి తీసుకోవాలి. హ్యాండిల్ చివర బిగించే బరువులు కూడా ఆ అదురును కొంత తగ్గిస్తాయి.

బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్ మొదలైంది. లారీల వెనక క్లచ్ నొక్కుతూ వదులుతూ ఎక్కుతుండగానే వాన పట్టుకుంది. తడిసిన గ్లౌజులతోనూ పట్టు జారలేదు. రబ్బరు మీది గాళ్ల విలువ అక్కడ తెలిసింది. పలమనేరులో టీ తాగి, పుంగనూరు, మదనపల్లె మీదుగా టమాటా లారీలను దాటుకుంటూ కొండ ఎక్కాను. ఒకప్పటి ఏనుగు మల్లమ్మ కొండ ఇది. కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరే నిలిచింది. 1,265 మీటర్ల ఎత్తున బండి దిగి గ్లౌజులు తీస్తే, పది వేళ్లలోనూ స్పర్శ నిక్షేపంగా ఉంది.

దూరప్రయాణాలు చేసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గ్రిప్పు మెత్తదనాన్ని బొటనవేలితో నొక్కి చూసి కొనకండి. రోజూ వేసుకునే గ్లౌజు వేసుకుని, పిడికిలి నిండా పట్టుకుని చూసి కొనండి.