చూద్దాంలే అనుకుని ఓడెక్కితే

మా ఇంట్లో ప్రయాణాలన్నీ ఒకటే పద్ధతిలో జరుగుతాయి. ముందు బయల్దేరదాం, మిగతావి అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటాం. తిరుపతికైనా కాశీకైనా ఈ ధీమా మమ్మల్ని ఎప్పుడూ ముంచలేదు. దువ్వెన మర్చిపోతే స్టేషన్లో కొన్నాం, గది నచ్చకపోతే పక్క హోటల్‌కి మారాం, మందులైపోతే సందు చివరే మెడికల్ షాపు. సింగపూర్‌లో బయల్దేరి పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లో దింపే క్రూజ్‌కి టికెట్లు తీసుకున్నప్పుడూ అదే ధీమా. సముద్రం మధ్యలో పక్క హోటలూ ఉండదు, సందు చివర షాపూ ఉండదన్న సంగతి ఓడ కదిలాకగానీ బుర్రకెక్కలేదు. ఏర్పాట్లన్నీ నా చేతిమీదుగానే జరిగాయి కాబట్టి తప్పులు కూడా నా ఖాతాలోవే. మొదటిసారి ఓడెక్కబోయేవాళ్లకి పనికొస్తాయని ఇక్కడ వరసగా ఒప్పేసుకుంటున్నాను.

తప్పులు ఇంట్లో కూచున్నప్పుడే మొదలయ్యాయి. అందరికీ పాస్‌పోర్టులున్నాయి కదా అని బీరువాలోంచి తీసి చూడనైనా లేదు. మనకి పదేళ్లుండే పాస్‌పోర్టు పిల్లలకి ఐదేళ్లకే ముగుస్తుందని గుర్తులేదు. మా అమ్మాయి పాస్‌పోర్టు ప్రయాణం నాటికి చెల్లుతుందిగానీ ఆ తర్వాత ఆరు నెలల గడువు లేదు. ఆ ఆరు నెలలూ లేకపోతే ఓడలోకి రానివ్వరు. తత్కాల్‌లో కొత్తది చేతికొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

వీసా సంగతీ అంతే. సింగపూర్ నుంచి సింగపూర్‌కే కదా, దానికేముంది అనుకున్నాను. ఓడ పెనాంగ్ వైపు తిరిగిందంటే మనం సింగపూర్ వదిలి వెళ్లినట్టే. తిరిగొచ్చేటప్పుడు కొత్తగా దేశంలోకి వస్తున్నట్టు లెక్క. అందుకే ఆ వీసా ఒకసారికి మించి చెల్లాలి. దారిలో ఆగే దేశాల నిబంధనలు కూడా మనకి వర్తిస్తాయి. ‘నేను దిగనండీ, ఓడలోనే ఉంటాను’ అంటే కుదరదు, కాగితం లేకపోతే ఎక్కేచోటే ఆపేస్తారు. మలేసియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లని వీసా లేకుండా రానిస్తోంది. సింగపూర్‌కి మాత్రం వీసాతోపాటు, అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. ఇలాంటివి ఏడాదికోసారి మారిపోతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఇంకోసారి ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూసుకోవాలి. ఏజెంటు మాట మీద వదిలెయ్యకూడదు.

హోటల్ ఖర్చు మిగులుతుందని ఓడ బయల్దేరే రోజు తెల్లవారుజామున సింగపూర్ చేరే విమానానికి టికెట్లు తీశాను. విమానం ఆలస్యమైంది. ఓడ సాయంత్రం కదిలినా చెక్‌ఇన్ అంతకు గంటా గంటన్నర ముందే మూసేస్తారు. మెరీనా బే క్రూజ్ సెంటర్‌కి టాక్సీలో వెళ్తున్నంతసేపూ మా అత్తయ్యగారు వెంకటేశ్వరస్వామికి మొక్కుతూనే ఉన్నారు. అందుకున్నాం, కానీ మిగిలిన ఆ హోటల్ డబ్బుకి ఎవరి బీపీ ఎంత పెరిగిందో లెక్క వెయ్యలేదు. ఒక రోజు ముందే చేరి, రాత్రి నిద్రపోయి, తీరిగ్గా ఓడెక్కడమే మేలు.

టెర్మినల్‌లో పెద్ద పెట్టెలకి గది నంబరున్న ట్యాగులు కట్టి తీసేసుకుంటారు. చేతులు ఖాళీ అయ్యాయని సంబరపడ్డాను. మధ్యాహ్నం బఫేలో కూచున్నాక మావయ్యగారు చెయ్యి చాపారు. ‘అమ్మా, నా షుగర్ మాత్ర?’ మాత్రలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె ఓడ పొట్టలో ఎక్కడో ఉంది. రిసెప్షన్‌లో అడిగితే సాయంత్రానికల్లా గది ముందుకి వస్తుందని నవ్వుతూ చెప్పారు. ఓడలో డాక్టరుంటారు, ఫీజు మాత్రం డాలర్లలో ఉంటుంది. మన ఊరి హెల్త్ పాలసీ కార్డు అక్కడ పనిచెయ్యదు. క్రూజ్‌కి కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకుని వెళ్లాలి. పాస్‌పోర్టులు, మందులు, వాటి చీటీ, కళ్లద్దాలు, ఛార్జర్, ఒక జత బట్టలు, పిల్లల ఈత బట్టలు, ఇవన్నీ భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉండాలి. పెట్టెలు వచ్చేదాకా పూల్ దగ్గర మొహాలు వేలాడేసుకుని కూచున్న పిల్లల్లో మావాళ్లే ముందు.

పెట్టెలైతే వచ్చాయి, ఒకటి తప్ప. ఆ ఒక్కదానికి సెక్యూరిటీవాళ్లు నన్ను కిందికి పిలిచారు. అక్కడ బల్ల మీద నా సంసారం పరిచి ఉంది: కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె, నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఓడలో నిప్పుకి భయపడినట్టు ఇంకదేనికీ భయపడరు, అందుకే ఇలాంటి సామాను గదుల్లోకి రానివ్వరు. రసీదు రాసిచ్చి, దిగే రోజు ఇస్తామన్నారు. అత్తయ్యగారికి పొద్దున్నే వేడినీళ్లు కావాలన్నది నా బెంగ. తీరా చూస్తే బఫే అంతస్తులో రోజంతా వేడినీళ్లు దొరుకుతున్నాయి. ఒక ఫ్లాస్కు తెచ్చుకుంటే సరిపోయేది. ఇంట్లో చేసిన తిండి కూడా చాలా ఓడల్లో రానివ్వరు. సీలు వేసిన పొట్లాలకి పేచీ ఉండదు. శాకాహారమో, జైన భోజనమో కావాలంటే టికెట్ కొన్నప్పుడే రాయించాలి, భోజనాల బల్ల దగ్గర కూచున్నాక కాదు.

గది ఎంచుకోవడంలో నా తెలివి చూడండి. పైఅంతస్తు, అందులోనూ ముందు భాగం, సముద్రమంతా కనిపిస్తుందని ఏరికోరి తీసుకున్నాను. ఆర్టీసీ బస్సులో వెనక సీటుకీ మధ్య సీటుకీ తేడా తెలిసినదాన్నే, ఓడ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. చివరలకీ పైకీ పోయేకొద్దీ ఎక్కువ. మేం వెళ్లింది సంక్రాంతి సెలవుల్లో, ఆ నెలల్లో అండమాన్ సముద్రం నెమ్మదిగానే ఉంటుంది. ఆ నెమ్మదికే నేను మంచం దిగలేదు. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలుల కాలంలో వెళ్లి ఉంటే నా గతేమయ్యేదో! చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే, గదిలో గోడలు చూస్తున్న కళ్లు కదలట్లేదని చెబుతాయి. ఆ తగువులోంచే వాంతులు పుట్టుకొస్తాయి. డెక్ మీదికెళ్లి గాలి తగిలేచోట నిలబడి, నీళ్లూ ఆకాశం కలిసేచోట చూపు నిలిపితే కొంత నయం. కడుపు ఖాళీగా ఉంచకూడదు. మన డాక్టర్ని అడిగి రాయించుకున్న మాత్ర తిప్పుడు మొదలవక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక అంతగా పనిచెయ్యదు. పూల్‌కి కిందా, థియేటర్‌కి పైనా ఉన్న గదులు చవగ్గా వచ్చినా రాత్రిళ్లు చప్పుడు ఉంటుందని మా పక్క బల్లవాళ్లు చెప్పారు. డెక్ ప్లాన్ సైట్లలోనే ఉంటుంది, పది నిమిషాలు చూస్తే తెలిసిపోయే విషయాలివి.

ఎక్కిన రోజే భద్రతా డ్రిల్ ఉంటుంది. వీడియో చూసి, మనకి కేటాయించిన చోటికి స్వయంగా వెళ్లి కార్డు చూపించి రావాలి. మనకెందుకులే అని స్నానానికి వెళ్లాను. పేరు పెట్టి పిలిచేదాకా తెచ్చుకున్నాను. తర్వాత తెలుసుకున్నాను, దానికంత పట్టుదల ఎందుకో. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో గిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి డ్రిల్ ఇంకా జరగలేదు, 24 గంటల్లోపు పెడితే చాలని అప్పటి రూలు. ఆ తర్వాత రూలు మార్చారు. 2015 నుంచి ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ జరిగి తీరాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎటు పోవాలో ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి. మా చిన్నాడు ఇప్పటికీ నిద్రలో లేపినా చెబుతాడు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. టికెట్‌లో భోజనాలు, పూల్, నాటకాలు, పాటలు వస్తాయి. కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, వాళ్లు తీసే ఫొటోలు రావు. గది తాళంగా ఇచ్చే కార్డే పర్సు కూడా, చూపిస్తే చాలు బిల్లు పడిపోతుంది. మా చిన్నాడు స్నేహితులందరికీ కూల్‌డ్రింకులు పోయించిన సంగతి చివరి రోజు తెలిసింది. సిబ్బందికి టిప్పు కూడా తలకి ఇంత, రోజుకి ఇంత అని పిల్లలతో సహా బిల్లులో కలిసిపోతుంది. ఇంటర్నేషనల్ లావాదేవీలు తెరిచిన క్రెడిట్ కార్డు దగ్గరుంచుకోవాలి. డెబిట్ కార్డు ఇస్తే కొంత సొమ్ము పక్కకి పట్టి ఉంచుతారు, అది తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ఫోన్లు ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మన రోమింగ్ ప్యాకులు నేల మీద టవర్లకి. ఓడలో ఉండే శాటిలైట్ నెట్‌వర్క్‌కి ఫోను తగులుకుంటే బిల్లు వేరే లోకంలో ఉంటుంది.

రేవుల్లో చేసినవి ఒకదానికొకటి పొంతనలేని తప్పులు. పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి ఆనుకునే ఆగుతుంది. దిగి నడిస్తే జార్జ్‌టౌన్, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత పట్నం. కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా అన్నీ కాలినడక దూరమే. అది తెలీక, మళ్లీ దొరకదేమోనని ఖరీదైన బస్సు టూరు ముందే కొనేశాను. లిటిల్ ఇండియాలో దోసెల వాసన బస్సు కిటికీలోంచి పీల్చి ఊరుకున్నాం.

ఫుకెట్‌లో మటుకు టూరు తీసుకోవాల్సింది, అక్కడ తీసుకోలేదు. పటాంగ్ బీచ్ ఎదురుగా ఓడ దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. తిరిగి రావడానికి ఆఖరి పడవ నాలుగున్నరకని గదిలో పెట్టిన కాగితంలో ఉంది. మూడుంబావుకి అత్తయ్యగారూ నేనూ చీర మీద కప్పుకునే పల్చటి శాలువాలు బేరమాడుతున్నాం. మావయ్యగారు దుకాణం గుమ్మంలో నిలబడి, ‘నాలుగుంబావైందమ్మా, పోదామా?’ అన్నారు. ఫోను చూపించి, ‘ఇంకా మూడుంబావే మావయ్యా, మీ గడియారం ఆగినట్టుంది’ అన్నాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ‘ఆగలేదే. ఓడెక్కేటప్పుడు అక్కడి గోడ గడియారం చూసి కలిపాను’ అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. థాయిలాండ్ టైము సింగపూర్ కన్నా గంట వెనక. నా ఫోను ఒడ్డుకి రాగానే తనంతట తాను థాయి టైముకి మారింది. ఓడ మాత్రం సింగపూర్ టైములోనే నడుస్తోంది. శాలువాలు అక్కడే వదిలేసి ఇసకలో పరుగెత్తాం. పడవ తాడు విప్పుతున్నవాడు మావయ్యగారి చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

ఓడవాళ్లు నడిపే టూరులో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగితే ఆగదు, తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనమే చేరాలి. ఓడకి ఒక టైము ఉంటుంది, అది మామూలు చేతి గడియారంలో పెట్టుకోవాలి. పాస్‌పోర్టు నకలూ, ఓడ పేరూ, రేవులోని ఏజెంటు ఫోను నంబరూ రాసిన కాగితం జేబులో ఉంచుకోవాలి. ఆఖరి పడవకి గంట ముందే ఒడ్డున ఉండాలి.

ఇన్ని తెలిశాక కూడా చివరి రాత్రి ఇంకోటి చేశాను. పెట్టెలు సర్ది పడుకునేముందు గది బయట పెడితే వాళ్లే దింపేస్తారు. అందరూ నిద్రపోయాక మడతలు పెట్టి, తాళాలు వేసి, మహా పొందిగ్గా అన్నీ బయట పెట్టేశాను. తెల్లారి మావయ్యగారు లుంగీతో నిలబడి ప్యాంటు అడిగారు. మావారి నైట్ ప్యాంటు ఆయనకిచ్చి, మావారిని ఈత నిక్కరుతో సింగపూర్ ఇమిగ్రేషన్ వరసలో నిలబెట్టాను. అక్కడి అధికారి పాస్‌పోర్టు ఫొటోనీ నిక్కరునీ మార్చి మార్చి చూశాడు. మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు విడిగా తీసి పెట్టాకే పెట్టెకి తాళం వెయ్యాలి. మోసుకోగలిగినంత సామానే ఉంటే బయట పెట్టక్కర్లేదు, మనమే తీసుకుని ముందుగా దిగిపోవచ్చు.

మీకెవరికైనా మొదటిసారే విదేశీ క్రూజ్ మీద మనసు పడితే ఒక్క సలహా. సీజన్‌ని బట్టి విశాఖ, చెన్నై, ముంబయి రేవుల నుంచి రెండు మూడు రాత్రుల దేశీ ఓడలు తిరుగుతుంటాయి. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. మన రేవుల మధ్యే తిరిగే ఓడకి పాస్‌పోర్టూ వీసా అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. ఊపు ఒంటికి పడుతుందో లేదో, పెద్దవాళ్లు అంతంత పొడుగు వరండాల్లో నడవగలరో లేదో, పిల్లల చేతిలో కార్డు ఎంత ఖర్చు పెట్టిస్తుందో అక్కడే తేలిపోతుంది. తప్పులు ఎలాగూ చేస్తాం. అక్కడైతే అవి రూపాయల్లో చేస్తాం.