పాత బోటు ఇంజన్‌కు ధర కట్టేటప్పుడు

పాత బోటు ఇంజన్ కొనబోతూ మనవాళ్లు ముందు అడిగేది ‘ఎన్నేళ్లదీ?’ అని. నా లెక్కలో అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది ఏ నీళ్లలో నడిచిందని. శ్రీరాంసాగర్ జలాశయం మన ముప్కాల్ పక్కనే ఉంది, అందులోవి మంచినీళ్లు. అక్కడ పదేళ్లు తిరిగిన ఇంజన్, కాకినాడ తీరంలో నాలుగేళ్లు తిరిగినదానికంటే మేలుగా ఉండొచ్చు. ఉప్పు లోపలి నీటిదారులనూ అల్యూమినియం భాగాలనూ తినేస్తుంది, పైన కొట్టిన కొత్త పెయింటు దాన్ని కప్పుతుందంతే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడెక్కించి పెడితే అరిగిపోయినది కూడా అందుకుంటుంది. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం. గేర్‌బాక్స్‌ది వేరే లెక్క. అందులో ఆయిల్ పాలచాయ్ రంగులోకి మారిందంటే సీలు పోయి నీళ్లు చేరినట్టే, ఇంజన్ ఎంత బాగున్నా ఆ రిపేరు ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

‘ఎంత చెడినా ఇనుము రేటైనా వస్తుంది కదా’ అంటారు. వస్తుంది, కానీ చేపల మీద బతికే మనిషి కొనేది ఇనుము కాదు, వల వేసి మళ్లీ ఒడ్డుకు చేరుతాననే నమ్మకం. ‘పెద్ద కంపెనీది’ అన్న మాటా సరిపోదు. నిజామాబాద్‌లో స్పేర్లు దొరకకపోతే ఆ పేరుకు నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టను. బయానా ఇచ్చేముందు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, నీళ్లలో లోడ్ మీద ఓ గంట నడిపించి చూడండి.