అద్దానికి చిల్లు

మైపాడు సముద్రం ఒడ్డున పట్టుకొచ్చాను, గుల్లల్లో దూరి బతికే పీతల్ని. వాటికోసం అబ్బా అద్దాలపెట్టె మొదలుపెట్టాడు. 1992 డిసెంబరు, బాబ్రీ కూలిన వారం. నాకు పన్నెండేళ్లు.

గాలాడ్డానికి చిల్లులు కావాలి. అద్దంమీద తడిమట్టితో చిన్న కట్ట వేసి, ఎమిరీ పొడి, నీళ్లు పోసి, రాగిగొట్టం బిగించిన చేతి డ్రిల్లు మెల్లగా తిప్పేవాడు. తడి ఆరితే వేడికి అద్దం పగులుతుంది. అవతలివైపు తేలబోయేటప్పుడు చెయ్యి మరీ తేలికవ్వాలి, పెచ్చు లేచేది అక్కడే.

"జోర్ నక్కో, బేటా."

నా తెలుగు పద్యాలకి చప్పట్లు కొట్టే పక్కబెంచీవాడే ఆవేళ, "మీరు పాకిస్తాన్ ఎప్పుడు పోతార్రా?" అన్నాడు. అబ్బాకి చెప్పాను. డ్రిల్లు ఆపలేదు.

"నీళ్లు పొయ్యి" అన్నాడు. తెలుగులో. ఇంట్లో మేం ఉర్దూనే మాట్లాడుకునేవాళ్లం.

పోశాను.