వెళ్ళడానికో ఊరు

'సింగిల్' అన్న మాటను తెలుగులోకి తెద్దామని కొంతకాలం ప్రయత్నించి మానుకున్నాను. ఏకగీతం అంటే ఎవరికీ అర్థం కాదు, ఒంటిపాట అంటే నవ్వుతారు. మాట దొరకకపోవడానికి కారణం లేకపోలేదు. గ్రామఫోను రికార్డు రోజుల్లో పది అంగుళాల పలక ఒక వైపు మూడు నిమిషాల పాటు తిరిగేది. పాట ఆ కొలతకు కుదించుకున్నది. ఆ తరువాత తెలుగువారికి పాట అంటే సినిమా పాటే అయింది. కథానాయకుడు, సన్నివేశం, ఆడియో పండుగ, ఇవేవీ లేకుండా ఒక పాట తనంత తానుగా విడుదల కావడం మనకు చాలాకాలం ఊహకందని సంగతి.

అందుకే హైదరాబాదు యువకుల చౌరస్తా బృందం 'ఊరెళ్ళిపోతా మామ' పాడినప్పుడు నాకు ముచ్చటేసింది. రామ్ మిరియాల గొంతులో పల్లె యాస, వెనుక గిటారు. జమైకా నుంచి వచ్చిన రెగ్గే నడక మన జానపదానికి ఇంత సులువుగా అతుకుతుందని నేననుకోలేదు. సినిమా అండ లేకుండానే పాట నోటినోటికీ పాకింది. 2020లో కరోనా వేళ 'చేతులెత్తి మొక్కుతా'తో ఈ బృందం మరింతమందికి చేరింది. 2021లో 'జాతిరత్నాలు'లోని చిట్టి పాటతో రామ్ గొంతు సినిమాకే చేరుకున్నది. దారి చివరికి అటే తిరిగిందని కొందరు నిట్టూర్చారు గాని, నాకది పెద్ద తప్పుగా తోచదు.

నన్ను వెంటాడినది వేరు. నగరంలో ఆ పాట తియ్యని బెంగ. కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరి, అక్కడినుంచి శబరి వైపు పోతూ వింటే అదే పాట ప్రశ్నగా మారుతుంది. 2014లో పోలవరం ముంపు పేరిట కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం వంటి మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, రేపటి జలాశయం ఎలా ఉంటుందో ఆ ఊళ్ళు ముందుగానే చూశాయి. మా మేనమామది అటువంటి ఊరే. ఇప్పుడు పునరావాస కాలనీలో వరుస ఇళ్ళలో ఒక నంబరు ఆయన చిరునామా. ఒకనాడు ఈ పాట వినిపిస్తే చివరిదాకా విని, "పాట బాగనే ఉందిరా. పోయేటందుకు ఊరుండాలి గదా" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు కోయ డోలి కళాకారులు గుర్తుకు వచ్చారు. చావుకైనా జాతరకైనా పిలిస్తే వచ్చి, ఆ గోత్రం ఎక్కడ పుట్టింది, ఏ ఇలవేల్పును కొలిచింది, ఏ దారిన నడిచి వచ్చింది అన్నది డోలి మీద పాడేవారు. మణుగూరు దగ్గరి కూనవరానికి (శబరి సంగమం దగ్గరున్న కూనవరం వేరు) చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను తెలుగులోనూ కోయభాషలోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అటువంటి పాటకు విడుదల తేదీ లేదు, మూడు నిమిషాల కొలత లేదు. ఊళ్ళ పేర్లే దాని చరణాలు.

రెంటినీ పోల్చి ఒకటి గొప్పదనడం నా ఉద్దేశం కాదు. చౌరస్తా పాట ఊరు వదిలినవాడి గుండెను పట్టుకున్నది. డోలి పాట ఊరినే పట్టుకొని ఉంచింది. నీళ్ళు వచ్చి ఊరు పోయినా, పేరు పలికే గొంతు ఒకటుంటే మనుమలకు తాము ఎక్కడివారో తెలుస్తుంది. అయితే ఆ గొంతులు పలచబడుతున్నాయి. గిటారు పట్టిన మన పిల్లల్లో ఎవరైనా ఒకరు శబరి ఒడ్డుకు వచ్చి, మునిగే ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా అడిగి, వాటితో ఒక పాట కడితే బాగుండునని నా ఆశ. నాలుగు నిమిషాలే అయినా చాలు. మా మామ ఊరి పేరు అందులో ఉంటే ఆయన రెండోసారి కూడా వింటాడు.