కాట్పాడిలో దిగాక

కాట్పాడిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దిగేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు కనిపిస్తాయి. మామయ్య తన కవరును ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి చిటికెనవేలూ ఉంగరంవేలూ ముడుచుకుపోయాయి. వేడి గిన్నె తగిలి బొబ్బలెక్కినా ఆ చేతికి తెలియదు. మావైపు ఒక ఆసుపత్రిలో మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు. ఇంకోచోట షుగర్ వల్లే అన్నారు. ఆయనకు షుగర్ లేదు.

వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు కవరు విప్పలేదు. మామయ్య మోచేతిని మడిచి, లోపలివైపు ఎముక వెనకున్న గాడిలో వేలితో తడిమారు. నన్నూ తడమమన్నారు. చర్మం కింద నరం పలుపుతాడులా లావుగా తగిలింది. ఎడమ చీలమండ వెనకా అంతే. ఒంటిమీద మాత్రం ఎక్కడా మచ్చ లేదు. నాకు కడుపు రగిలిపోయింది. వేళ్ళు ముడుచుకున్న మనిషి వస్తే మోచేతి దగ్గర ఒకసారి తడిమి చూడ్డానికి ఏ మిషనూ అక్కర్లేదు కదా!

నరాలకు కరెంటు పెట్టి చేసే పరీక్షలో ఏ నరం ఎంత దెబ్బతిందో తేలింది. ఎందుకు దెబ్బతిందో అది చెప్పదు. కారణం రక్తనాళాల వాపైతే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి. కుష్టు క్రిములే ఉంటే ఆ మందులు మాత్రమే ఇస్తే జబ్బు ముదురుతుంది. చర్మం గీరి చేసిన పరీక్షలో క్రిములు దొరకలేదు. పోనీ ల్యాబులో పెంచి చూద్దామంటే, 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టిన ఆ క్రిమి ఈనాటికీ గాజుపళ్ళెంలో పెరగదు. ఇక మిగిలింది నరం ముక్క తీసి చూడటమే.

స్పర్శ తప్ప వేరే పని లేని నరాన్నే, అదీ జబ్బు పట్టినదాన్నే ఎంచుకుంటారట. చీలమండ వెనకున్న సూరల్ నరం అలాంటిది. "పాదం బయటి అంచున మొద్దుబారడం అలాగే ఉండిపోవచ్చు, ఆలోచించుకోండి" అన్నారు డాక్టరుగారు.

"అక్కడ ఇప్పుడు మాత్రం ఏం తెలుస్తోంది బాబూ, తియ్యండి" అన్నాడు మామయ్య.

మత్తు ఆ చోటికే ఇచ్చారు. తర్వాత సీసా చూపించారు. అడుగున దారంలా తెల్లటి ముక్క, మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో. తీసేటప్పుడు సాగదీసినా, పట్టకారుతో నొక్కినా లోపలి అమరిక చెదిరి మైక్రోస్కోపు కింద పనికిరాదట. కొంత ఫార్మలిన్‌లో, కొంత వేరే ద్రావణంలో వేశారు.

రిపోర్టు వచ్చేదాకా గాంధీ రోడ్డు లాడ్జిలో మేమే వండుకు తిన్నాం. పక్క గదుల్లోనూ తెలుగువాళ్ళే.

చివరికి తెరమీద చూపించారు. నరం పోగుల మధ్య వాపు కణాల గుంపులు. ఫైట్ రంగు వేసిన స్లయిడులో నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు, అక్కడక్కడా. నరాలకే పరిమితమైన కుష్టు. ఆ కాస్త ముక్కా తీయకపోతే ఇంకెన్నాళ్ళు మెడపట్టీతో తిరిగేవాడో!

మూడు మందుల ప్యాకెట్లు పన్నెండు నెలలు వాడాలి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వేళ్ళకు చెక్క కట్టు, వ్యాయామం. అవసరమైతే తర్వాత ఆపరేషన్. ముడుచుకున్న వేళ్ళకు స్నాయువు మార్చి కట్టే ఆ వైద్యాన్ని పాల్ బ్రాండ్ రూపుదిద్దింది ఈ వేలూరులోనే.

"ఒరేయ్ అల్లుడూ, మీ అత్తకు చెప్పకు" అన్నాడు బయటికొచ్చాక. ఇంట్లోవాళ్ళందర్నీ పరీక్ష చేయించాలని, వాళ్ళకూ ఒక డోసు మందు ఇస్తారని డాక్టరుగారు చెప్పింది గుర్తుచేశాను. కాసేపాగి ఫోను అడిగి తీసుకున్నాడు. మనవరాళ్ళను సోమవారం బడికి పంపొద్దని, పి.హెచ్.సి.కి తీసుకురమ్మని అత్తకు తనే చెప్పాడు.