మబుని రాళ్ల మీద పేర్లు

ఒకినావా దీవి దక్షిణపు కొసన, సముద్రం మీదికి వాలినట్టుండే మబుని కొండకు జూన్ 23న వెళ్లాను. 1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఈ దీవి మీద దిగాయి. దాదాపు మూడు నెలల తర్వాత జపాన్ సేనాని ఉషిజిమా ఈ కొండలోని గుహలోనే ఆత్మహత్య చేసుకున్నాడు. అందుకే జూన్ 23 ఇక్కడ స్మృతి దినం.

పొద్దున్నే జనం వచ్చేశారు. వరసలు వరసలుగా నల్లని గ్రానైటు పలకలు, వాటి నిండా ఆ యుద్ధంలో పోయినవారి పేర్లు, 2,40,000కు పైగా. నా ముందు ఒక పెద్దావిడ సీసాలోని నీళ్లు రాతి మీద పోసి, గుడ్డతో ఒక పేరును అక్షరం అక్షరం తుడిచింది. పూలు పెట్టింది. పక్కనే కూర్చుని డబ్బాలో తెచ్చిన తిండి విప్పి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చాలాసేపు మాట్లాడింది.

కొన్నిచోట్ల పేరే లేదు. "ఫలానావారి బిడ్డ" అని మాత్రమే ఉంది. వెంట వచ్చిన మిత్రుడు చదివి చెప్పినప్పుడు కాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఇంటిల్లిపాదీ పోతే ఆ పసివాడి పేరు చెప్పడానికి ఎవరు మిగులుతారు?

1995లో ఈ స్మారకాన్ని నిలబెట్టినప్పటి ఒకినావా గవర్నరు ఓతా మసాహిదె. బడి నుంచి నేరుగా యుద్ధానికి పంపిన కుర్రాళ్లలో ఆయనా ఒకరు. ఆవిష్కరణకు అమెరికా మాజీ సైనికులూ వచ్చారు. వాళ్ల సహచరుల పేర్లూ ఇక్కడే ఉన్నాయి, 14,000కు పైగా. ఎవరి పేరు పక్కనా హోదా లేదు. ఫిరంగి దాడిలో చనిపోయిన అమెరికా జనరల్ బక్నర్‌కూ లేదు, ఉషిజిమాకూ లేదు. తలదాచుకున్న గుహల్లోంచి ఊరివాళ్లను జపాన్ సైనికులే గెంటేసిన సందర్భాలున్నాయి. వాళ్లనూ వీళ్లనూ ఒకే గాటన కట్టడమేమిటని నాకూ అనిపించింది. కానీ తప్పెవరిదో తేల్చే చోటు వేరే ఉండాలి, ఏడ్చే చోటు అందరికీ ఉండాలి. ఓతా చేసింది సరైన పనేనని నా నమ్మకం.

అక్కడికి దగ్గర్లోనే హిమెయురి మ్యూజియం. సైనిక ఆసుపత్రికి పంపిన 222 మంది ఆడపిల్లలు, 18 మంది ఉపాధ్యాయుల కథ అది. గుహల్లో, కాళ్లూ చేతులూ కోసేటప్పుడు సైనికులను కదలకుండా పట్టుకున్నది ఆ పిల్లలే. జూన్ 18 రాత్రి, ఇక మీ దారి మీరు చూసుకోండని సైన్యం వాళ్లను వదిలేసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాతి రోజుల్లోనే పోయారు. 1989లో ఈ మ్యూజియం తెరిచింది బతికి బయటపడ్డవాళ్లే. ఏళ్ల తరబడి వాళ్లే నిలబడి చెప్పారు. ఇప్పుడు, వాళ్ల దగ్గర విని నేర్చుకున్న తరం చెబుతోంది.

నేను వెళ్లేసరికి ఒక యువతి బడిపిల్లలకు వివరిస్తోంది. ఏం తినేవారని ఒక కుర్రాడు అడిగాడు. చివర్లో రోజుకొక్క అన్నం ముద్ద, పింగ్‌పాంగ్ బంతంత, అంది. మరి వాళ్లూ, వాళ్ల టీచర్లూ ఏమయ్యారు? అన్నాడు. పిల్లల్లో 123 మంది, టీచర్లలో 13 మంది చనిపోయారని చెప్పి, ఫొటోలున్న గదిలోకి వాళ్లను తీసుకెళ్లింది.